ఎల్మ్ ఆకు మీద మెలికల కోత: తిన్నది పెంకు పురుగా, రెక్కల పురుగా, రంపపు ఈగా?

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఎల్మ్ చెట్ల ఆకుల మీద కొన్నేళ్లుగా కొత్త రకం కోత కనిపిస్తోంది. ఆకు అంచున మొదలై, రెండు పక్క ఈనెల నడుమ ఎడమకూ కుడికీ మెలికలు తిరుగుతూ నడిమి ఈనె దాకా సాగుతుంది. చేసేది తూర్పు ఆసియా నుంచి వచ్చిన చిన్న రంపపు ఈగ. శాస్త్రీయ నామం అప్రోసెరోస్ ల్యూకోపోడా. ఐరోపాలో ఇది 2003లో హంగరీ, పోలండ్‌లలో బయటపడింది. ఉత్తర అమెరికాలో మొదట 2020లో కెనడాలోని క్యుబెక్‌లో, 2021లో వర్జీనియాలో, 2022లో మేరీల్యాండ్, ఉత్తర కరోలినా, న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో దొరికింది. 2024 నాటికి విస్కాన్సిన్ చేరింది.

పేరులో ఈగ ఉంది, చూస్తే పచ్చటి లద్దె పురుగులా ఉంటుంది, చుట్టాలేమో కందిరీగలు. దాంతో ఇంటి ముందు ఎల్మ్ ఉన్నవాళ్లు దుకాణానికి వెళ్లి లద్దె పురుగుల మందు తెచ్చి కొడతారు. పురుగు మాత్రం నిక్షేపంగా తింటూనే ఉంటుంది. తప్పు మందుది కాదు, పురుగును గుర్తించడంలో ఉంది. ఎల్మ్ చెట్టు మీద పెంకు పురుగుల పిల్లలు, రెక్కల పురుగుల (చిమ్మటల వంశం) పిల్లలు, రంపపు ఈగల పిల్లలు పక్కపక్కనే తింటుంటాయి. పైకి ఒకదానిలా ఒకటి కనిపించినా ఆ మూడూ వేర్వేరు వంశాలు. దేనికి ఏ మందు పనిచేస్తుందో, ఏ జబ్బు తగులుతుందో, చలికాలం ఎక్కడ దాక్కుంటుందో చాలావరకు ఆ వంశమే తేలుస్తుంది.

వర్జీనియా, న్యూజెర్సీ, ఉత్తర కరోలినా శివారు కాలనీల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది వాళ్ల పెరటి సంగతి కూడా. మన అడవుల్లోని నెమలినార చెట్టు ఎల్మ్ కుటుంబానిదే.

ఒకే పని, మూడు వంశాలు

గుడ్డు, పిల్ల పురుగు, ప్యూపా, రెక్కలొచ్చిన పెద్ద పురుగు అనే నాలుగు దశలు ఈ మూడింటికీ ఉన్నాయి. ఆకు తినే పని ఎక్కువగా పిల్ల దశదే. పెద్దయ్యాక చూస్తే ఎవరికీ అనుమానం రాదు. పెంకు పురుగుకు ముందు రెక్కలు గట్టి డొప్పలై వీపును కప్పుతాయి. రెక్కల పురుగుకు రెక్కల నిండా పొడిలాంటి పొలుసులుంటాయి, సీతాకోకచిలుకలూ ఈ వంశమే. రంపపు ఈగ చీమలు, తేనెటీగలు, కందిరీగల వంశం. నిజమైన ఈగకు ఒకే జత రెక్కలుంటే దీనికి రెండు జతలుంటాయి. కందిరీగలా సన్నని నడుము ఉండదు, కుట్టదు. ఆడపురుగు వెనక రంపంలాంటి సాధనం ఉంటుంది. దాంతో ఆకునో కొమ్మనో కోసి, ఆ చీలికలో గుడ్డు దాచిపెడుతుంది.

మన దగ్గర ఆవ, ముల్లంగి వేసే రైతులకు రంపపు ఈగ కొత్తేం కాదు. నల్లగా, ముడతలు పడినట్టుండే పిల్ల పురుగు ఉదయం, సాయంత్రం ఆకు తిని, ముట్టుకుంటే చచ్చినట్టు కింద రాలిపోతుంది. అమెరికా ఎల్మ్ మీద ఉన్నవి దాని దూరపు బంధువులు.

మూడు వంశాలూ విడిపోయి 25 కోట్ల ఏళ్లకు పైగా అయింది. అయినా ఆకు మీద పాకుతూ నమిలే బతుక్కి పొడవాటి మెత్తని ఒళ్లు, పట్టు దొరికే కాళ్లు అనువుగా ఉంటాయి కాబట్టి రెక్కల పురుగులు, రంపపు ఈగలు ఎవరికి వారుగా అదే ఆకారానికి చేరాయి. రంగు చూసి గుర్తుపట్టడం అందుకే కుదరదు. ఒకే జాతి పిల్ల కుబుసం విడిచిన ప్రతిసారీ రంగు మార్చుకోవచ్చు. డాగ్‌వుడ్ పొదల మీది రంపపు ఈగ పిల్ల ఒంటి నిండా తెల్లటి మైనపు పొడి కప్పుకుని పిట్ట రెట్టలా కనిపిస్తుంది. ఆఖరి కుబుసం తర్వాత ఆ పొడి పోయి పసుపు, నలుపు రంగులతో బయటికొస్తుంది. తెలియనివాళ్లు రెండు జాతులనుకుంటారు.

కాళ్ల లెక్క

చేతిలోకి పది రెట్ల భూతద్దం తీసుకుంటే పని సగం అయినట్టే. తల వెనక మూడు ఖండాలు ఛాతీ. అక్కడ కీళ్లున్న మూడు జతల అసలు కాళ్లు ఉంటాయి. దాని వెనక పది ఖండాల పొట్ట. పొట్ట కింద మెత్తటి బొడిపెల్లా ఉండేవాటిని ఇక్కడ పొట్టకాళ్లు అందాం. చూడాల్సింది వీటినే.

రెక్కల పురుగు పిల్లకు పొట్టకాళ్లు అయిదు జతలకు మించవు. నాలుగు జతలు పొట్ట మూడో ఖండం నుంచి ఆరో ఖండం దాకా, ఒక జత చివరి ఖండం మీద ఉంటాయి. అంటే అసలు కాళ్ల తర్వాత రెండు ఖండాలు ఖాళీ. ఒళ్లు విల్లులా వంచి నడిచే కొలత పురుగులకు వెనక రెండు జతలే ఉంటాయి. ప్రతి పొట్టకాలి అడుగున సన్నటి కొక్కేల వరుస ఉంటుంది. పిల్లను గుడ్డ మీద వదిలితే దారాలకు పట్టుకుని ఊడిరాదు, కారణం ఆ కొక్కేలే.

రంపపు ఈగ పిల్లకు పొట్టకాళ్లు ఆరు జతలు లేదా ఇంకా ఎక్కువ. అవి రెండో ఖండం నుంచే మొదలవుతాయి కాబట్టి ఖాళీగా ఉండేది ఒక్క ఖండమే. కొక్కేలు ఉండవు. తల పక్కన కన్ను ఒకటే, నల్లటి చుక్కలా స్పష్టంగా కనిపిస్తుంది. రెక్కల పురుగు పిల్లకైతే ఒక్కో పక్క సాధారణంగా ఆరు బుల్లి కళ్లు గుంపుగా ఉంటాయి.

పెంకు పురుగు పిల్లకు పొట్టకాళ్లు ఉండవు. అసలు కాళ్లు మూడు జతలతో సరి. ముక్కు పురుగుల పిల్లలకైతే అవీ ఉండవు.

మొత్తం జతలు లెక్కపెట్టడం కంటే ఖాళీ ఖండాలు లెక్కపెట్టడం మేలు. పొట్టకాళ్లు చిన్నవైతే లెక్క తప్పుతుంది గానీ మొదటి జత ఎక్కడ మొదలైందో సులువుగా దొరుకుతుంది.

ఈ సూత్రానికి మినహాయింపులున్నాయి. అందులో ఒకటి ప్రమాదకరమైనది. టెక్సాస్‌లో ‘ఆస్ప్’ అని పిలిచే దట్టమైన బొచ్చు పురుగు ఎల్మ్, ఓక్ చెట్ల మీద పెరుగుతుంది. అది రెక్కల పురుగు పిల్లే అయినా పొట్టకాళ్లు ఏడు జతలు. రెండో ఖండం మీదా ఏడో ఖండం మీదా అదనపు జతలుంటాయి, వాటికి కొక్కేలు ఉండవు. లెక్క ప్రకారం పోతే రంపపు ఈగ అనుకోవాల్సి వస్తుంది. ఆ మెత్తటి బొచ్చు కింద విషపు ముళ్లున్నాయి. తగిలితే చెయ్యంతా పాకే నొప్పి గంటల తరబడి ఉంటుంది. విరిగిన ముళ్లను అంటుకునే టేపుతో లాగేసి, సబ్బుతో కడిగి, మంచు గడ్డ పెట్టడం అక్కడ వాడుకలో ఉన్న మొదటి చికిత్స. ఊపిరి ఆడకపోయినా, ముఖం ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో పిల్లలు పెరట్లో ఆడుకునే ఇళ్లకు దీని గురించి తెలిసి ఉండటం అవసరం. బొచ్చున్న పురుగు కాళ్లు లెక్కపెట్టాలంటే గాజు సీసాలో వేసి అడుగు నుంచి చూడటమే మార్గం.

ఒకే చెట్టు మీద అయిదు కేసులు

మొదటిది, మెలికల కోత. చాలా తేలిగ్గా దొరికే ఆనవాలు ఇదే, కానీ ఎక్కువ రోజులు నిలవదు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల మాత్రమే మెలికలు తిప్పుతూ తింటుంది. వయసొచ్చిన కొద్దీ ఆ మెలికల మధ్య మిగిలిన ఆకునూ తినేసి లావు ఈనెలు మాత్రం వదులుతుంది. జులైలో చెట్టు చూసినవాళ్లకు మెలికలు కనిపించకపోవచ్చు. అప్పుడు పిల్లనే చూడాలి. పచ్చటి ఒళ్లు, 10 మిల్లీమీటర్ల పొడవు, తలకు రెండు పక్కలా కంటి మీదుగా నల్లటి పట్టీ, రెండో జత, మూడో జత అసలు కాళ్ల పైన ఇంగ్లిష్ టి ఆకారపు ముదురు మచ్చ. దీని పొట్టకాళ్లు మరీ చిన్నవి కాబట్టి ఈ గుర్తులే నమ్మకమైనవి. మొక్కజొన్న రైతు కత్తెర పురుగును తల మీది తిరగేసిన వై గుర్తుతోనూ, తోక దగ్గర చతురస్రంగా ఉండే నాలుగు చుక్కలతోనూ పోల్చుకున్నట్టే ఇదీ. అన్నట్టు, ఆ కత్తెర పురుగు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిన రెక్కల పురుగే. మన దేశంలో 2018లో బయటపడి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మొక్కజొన్న చేలకు చేరింది.

రెండోది, జల్లెడైన ఆకు. పత్రహరితాన్ని గోకి తిని ఈనెల వల మాత్రం మిగిల్చితే అది ఎల్మ్ ఆకు పెంకు పురుగు పిల్ల. చిన్నప్పుడు నలుపు, పెరిగాక మబ్బు పసుపు మీద నల్లటి చారలు. ఆకు అడుగున పసుపు గుడ్లు వరుసలుగా పెట్టి ఉంటాయి. అదే ఆకు మీద గుండ్రటి చిల్లులు కూడా కనిపిస్తే అవి పెద్ద పురుగులు తిన్నవి. దీని అలవాటు ఒకటి గుర్తుంచుకోదగ్గది. ఎదిగిన పిల్లలు మాను వెంబడి కిందికి దిగివచ్చి చెట్టు మొదలు దగ్గర, బెరడు పగుళ్లలో ప్యూపాలవుతాయి. చెట్టు కింద ముదురు పసుపు ప్యూపాలు కుప్పగా దొరికితే ఇక పైకి చూడక్కర్లేదు. ఇది 1830లలో బాల్టిమోర్ ప్రాంతంలో కనిపించిన ఐరోపా పురుగు.

మూడోది, తిన్నవాడు కనిపించని కోత. ఆకు అంచు శుభ్రంగా కోసుకుపోయి ఉంటుంది, పురుగు మాత్రం కనపడదు. నెరిస్ బైడెంటాటా అనే స్థానిక రెక్కల పురుగు పిల్ల పని ఇది కావచ్చు. ఎల్మ్ ఆకు అంచుకు పెద్ద పన్ను మీద చిన్న పన్నుగా జంట పళ్లుంటాయి. ఈ పిల్ల వీపు మీదా సరిగ్గా అలాంటి పళ్లే, వాటి కొసలకు లేత రంగు. తిన్నచోటే అంచుకు అతుక్కుని పడుకుంటే పోయిన ఆకు ముక్క తిరిగి మొలిచినట్టుంటుంది. తినేది ఎల్మ్‌నే. చెట్టుకు చెప్పుకోదగ్గ నష్టం చేయదు, అందుకే చాలామందికి దీని పేరు కూడా తెలియదు.

నాలుగోది, ఆకు పొరల మధ్య గోధుమ మచ్చ. మన రైతులు పాము పొడ అనే తరహా నష్టం. ఎల్మ్ మీద ఇద్దరు అనుమానితులున్నారు. ఒకటి ఎల్మ్ ఆకు తొలిచే రంపపు ఈగ, రెండోది ఎగిరి గెంతే ముక్కు పురుగు. పొరల మధ్య బతికే పిల్లకు కాళ్లతో పనిలేదు కాబట్టి రెండింటికీ కాళ్లు తగ్గిపోయాయి, ఇక్కడ కాళ్ల లెక్క అంతగా ఉపయోగపడదు. ఆధారం ఆకు మీదే వెతకాలి. ముక్కు పురుగు పిల్ల ఎక్కువగా ఆకు కొస దగ్గర తొలుస్తుంది. పైగా ఆ చెట్టు ఆకుల మీదే పెద్ద పురుగులు చేసిన గుండుసూది చిల్లులు బోలెడుంటాయి. 3 మిల్లీమీటర్ల ఎర్రటి పురుగు ముట్టుకోగానే గెంతితే సందేహం తీరినట్టే. ఈ ముక్కు పురుగును అమెరికాలో కొంతకాలం ఐరోపా జాతి పేరుతోనే పిలిచారు. తర్వాత నిపుణులు నమూనాలు తిరిగి పరిశీలించి అది ఆర్కెస్టెస్ స్టెప్పెన్సిస్ అనే మరో జాతి అని తేల్చారు. నిపుణులకే ఇలా జరిగినప్పుడు పెరట్లో చూసేవాళ్లు తికమకపడటంలో వింతేముంది?

అయిదోది, ఏ పురుగూ తినకుండానే ఆకు పండుబారడం. ఎండాకాలం మొదట్లో ఒక కొమ్మ ఆకులు మాత్రం పసుపెక్కి వాడితే చిల్లుల కోసం వెతకడం దండగ. ఆ రెమ్మ బెరడు చెక్కి చూస్తే కింద కొయ్యలో గోధుమ చారలుండే అవకాశం ఉంది. అది డచ్ ఎల్మ్ తెగులు, శిలీంధ్రపు జబ్బు. దాన్ని మోసేవి బెరడు కింద సొరంగాలు తవ్వే బుల్లి పెంకు పురుగులు. వీటిలో అమెరికా సొంత జాతీ ఉంది, ఐరోపా నుంచి వచ్చిన జాతీ ఉంది. ఆకు తినే పురుగు చెట్టును బలహీనపరుస్తుందే గానీ ఈ తెగులు చంపుతుంది. 1930లో ఒహాయోలో కనిపించింది మొదలు కోట్ల ఎల్మ్‌లను పొట్టన పెట్టుకుంది.

వీటికి తోడు 5 సెంటీమీటర్ల దాకా పెరిగే సింబెక్స్ అనే స్థానిక ఎల్మ్ రంపపు ఈగ ఉంది. లేత పసుపు ఒంటి మీద వీపు పొడవునా నల్లటి గీత, చుట్ట చుట్టుకుని పడుకుంటుంది, కదిపితే ఒంటి పక్కల నుంచి ద్రవం చిమ్ముతుంది. పొట్టకాళ్లు ఎనిమిది జతలు, చక్కగా కనిపిస్తాయి. కాళ్ల లెక్క నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పురుగు దొరకదు.

కాళ్లు మధ్యలో మాయమైతే

ఒకే పురుగుకు ఒక వయసులో కాళ్లుండి మరో వయసులో పోవడం కూడా ఉంది. తూర్పు అమెరికా అడవుల్లో కుళ్లిన ఓక్, చెస్ట్‌నట్ దుంగల్లో, పాత టెలిఫోన్ స్తంభాల్లో మైక్రోమాల్థస్ డెబిలిస్ అనే 2 మిల్లీమీటర్ల పెంకు పురుగు బతుకుతుంది. దానికి పేరు పెట్టింది 1878లో కీటక శాస్త్రవేత్త జాన్ లెకోంట్. దాని కుటుంబంలో ఇప్పుడు బతికున్న జాతి ఇదొక్కటే.

పుట్టినప్పుడు పిల్లకు పొడవాటి కాళ్లుంటాయి, చురుగ్గా తిరిగి కొత్త కొయ్య వెతుక్కుంటుంది. చోటు దొరికి కుబుసం విడవగానే కాళ్లు మాయం, ఇక కొయ్య తొలుస్తూ కూర్చోవడమే. అక్కడి నుంచి కథ ఇంకా వింతగా సాగుతుంది. ఆ పిల్ల పెద్ద పురుగు కాకుండానే, పిల్ల దశలోనే, మగతోడు లేకుండానే మరిన్ని ఆడపిల్లలను కంటుంది. హెర్బర్ట్ బార్బర్ 1913లో ఈ సంగతి బయటపెట్టాడు. కొన్ని తల్లి పిల్లలు ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడతాయి. ఆ గుడ్డు తల్లి ఒంటికే అంటుకుని ఉంటుంది, అందులోంచి వచ్చిన మగపిల్ల తల్లిని తినేసి పెరుగుతుంది. రెక్కలొచ్చిన పెద్ద పురుగులు తయారవుతాయి గానీ అరుదు, వంశం నడవడానికి వాటి అవసరం పెద్దగా ఉన్నట్టు కనిపించదు.

మగతోడు లేని సంతానం మెలికల కోత రంపపు ఈగకూ ఉంది. దాంట్లో మగవి ఇప్పటిదాకా కనపడలేదు, అన్నీ ఆడవే. ఆడది గూడులోంచి బయటికి రాగానే ఆకు అంచు పళ్ల కొసల్లో గుడ్లు దింపడం మొదలుపెడుతుంది. గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే ఆడది తయారు కావడానికి వేసవిలో నాలుగు వారాలు చాలు. ఏడాదికి నాలుగు తరాల దాకా వస్తాయి. కొత్త చోట పాతుకుపోవడానికి ఒక్క పురుగు చేరితే సరిపోతుంది, జత కోసం ఆగక్కర్లేదు.

మందు ఎందుకు పనిచేయలేదు

లద్దె పురుగుల మందు అని అమ్మేవాటిలో జీవసంబంధమైనది బి.టి. అది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది కుర్‌స్టాకి రకం. ఆ బ్యాక్టీరియా ప్రొటీన్ స్ఫటికాలు తయారుచేస్తుంది. రెక్కల పురుగు పిల్ల కడుపులో క్షారం బాగా ఎక్కువ, అందులో స్ఫటికం కరుగుతుంది. కరిగిన ప్రొటీన్‌ను జీర్ణరసాలు కత్తిరిస్తాయి. ఆ ముక్క పేగు గోడ మీద తనకు సరిపడే గ్రాహకానికి అతుక్కుని చిల్లు పెడుతుంది. కరగడం, కత్తిరింపు, అతుక్కోవడం వరుసగా జరిగితేనే పురుగు చస్తుంది. రంపపు ఈగ కడుపులో ఆ వరుస కుదరదు, ఆకుతో పాటు మందునూ తినేసి సాగిపోతుంది. పక్క కొమ్మ మీద ఎవరికీ హాని చేయని నెరిస్ పిల్లలుంటే చచ్చేది అవి.

బి.టి.లోనే టెనెబ్రియోనిస్ అనే మరో రకం కొన్ని ఆకు పెంకు పురుగుల మీద పనిచేస్తుంది. ఎల్మ్ ఆకు పెంకు పురుగు చిన్న పిల్లల మీద కొడితే ఫలితం ఉంటుంది, పెద్ద పురుగుల మీద ఉండదు. పైగా పిల్లలు ఆకు అడుగున గోకుతాయి కాబట్టి పిచికారీ అడుగు వైపు పడాలి. రంపపు ఈగల మీద స్పైనోసాడ్, వేప మందుల లాంటివి వాడతారు. తడిగా ఉన్నంతసేపు స్పైనోసాడ్ తేనెటీగలకు ప్రమాదం. ఇక 15 మీటర్ల చెట్టు పై కొమ్మలకు చేత్తో కొట్టే పంపు అందదన్నది వేరే చెప్పక్కర్లేదు.

వైరస్‌లైతే ఇంకా ఖచ్చితంగా వంశాన్ని పట్టి పోతాయి. రెక్కల పురుగులకు వచ్చే న్యూక్లియర్ పాలిహెడ్రోసిస్ వైరస్ ఒంట్లోని చాలా కణజాలాలకు పాకుతుంది. రంపపు ఈగల్లో ఆ తరహా వైరస్ పేగు కణాలకే పరిమితం. జబ్బుపడ్డ పిల్ల రెట్ట ద్వారా ఆకుల మీదికి చేరి, అదే ఆకు తినే మిగతా పిల్లలకు తగులుతుంది. గుంపుగా బతికే జాతుల్లో ఇది దావానలంలా వ్యాపిస్తుంది.

కెనడాలో ఇది అనుకోకుండా నిరూపణ అయింది. 1930లో క్యుబెక్‌లోని గాస్పే ద్వీపకల్పంలో ఐరోపా స్ప్రూస్ రంపపు ఈగ వేల చదరపు కిలోమీటర్ల అడవిని బోడి చేస్తూ కనిపించింది. దాన్ని అణచడానికి ఐరోపా నుంచి పరాన్నజీవులను పెద్ద ఎత్తున తెప్పించి వదిలారు. 1930ల రెండో సగంలో పురుగులు గుంపులు గుంపులుగా చావడం మొదలైంది. చంపింది ఒక వైరస్. దాన్ని ఎవరూ తెప్పించలేదు, పరాన్నజీవుల వెంటే ఓడెక్కి వచ్చి ఉంటుందని భావిస్తారు. 1940లలో ఆ పురుగు బెడద తగ్గిపోయింది, ఆ తర్వాత వైరస్, పరాన్నజీవులు కలిసి దాన్ని అదుపులో ఉంచాయి. ఈ దారిలోనే కెనడాలో ఎర్రతల పైన్ రంపపు ఈగకు లెకోంట్‌వైరస్ అనే మందు తయారైంది. అది ఆ జాతినే పడుతుంది, మెలికల కోత పురుగు మీద చల్లితే డబ్బు వృథా.

భయపడాలా, వదిలేయాలా

మెలికల కోత పురుగు గురించి నిపుణుల్లో రెండు ధోరణులున్నాయి. ఒకటి జాగ్రత్త పడమనేది. హంగరీ, రొమేనియాల్లో కొన్ని చోట్ల ఎల్మ్‌లు పూర్తిగా ఆకు కోల్పోయాయి, కొమ్మలు ఎండిన సందర్భాలూ ఉన్నాయి. పురుగు ఐరోపాలో ఏటా 45 నుంచి 90 కిలోమీటర్ల చొప్పున వ్యాపించిందని అంచనా. డచ్ తెగులుతో ఇప్పటికే నష్టపోయి, తట్టుకునే రకాలను ఈమధ్యే తిరిగి నాటుకుంటున్న అమెరికా నగరాలకు ఇది అదనపు భారం. ఆ తెగులును తట్టుకునే ఆసియా ఎల్మ్ రకాలు ఈ ఆసియా పురుగుకు పాత మేతే.

రెండో ధోరణి, చెట్టును చూసి కంగారు పడొద్దనేది. ఎల్మ్ ఆకంతా పోయినా మళ్లీ చిగురిస్తుంది. పురుగు ఒక ఏడాది విజృంభించి మరుసటి ఏడాది కనపడకుండా పోవడం ఐరోపాలో తరచూ చూశారు. పిట్టలు, సాలీళ్లు, పెంటాటమిడ్ నల్లులు (కంపు కొట్టే నల్లులు) వీటిని తింటాయి.

రెండూ ఒకే చెట్టు గురించి మాట్లాడటం లేదని గమనిస్తే వైరుధ్యం చాలావరకు కరిగిపోతుంది. నీళ్లు అందే, వేళ్లు పారే జాగా ఉన్న పెద్ద చెట్టుకు ఒక ఏడాది ఆకు పోవడం తట్టుకోదగ్గ దెబ్బ. సిమెంటు మధ్య గుంతలో, నాటి రెండేళ్లయిన మొక్కకు వరసగా రెండు మూడేళ్లు అదే జరిగితే నిల్వలు అడుగంటుతాయి. రెండో రకం చెట్టుకైతే మందు గురించి ఆలోచించడంలో అర్థముంది, మొదటిదానికి నీళ్లే మందు.

స్థానికమా, వలస వచ్చిందా

పురుగు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న కూడా ఆచరణకు సంబంధించినదే. గోధుమ కాండం రంపపు ఈగ ఇందుకు ఉదాహరణ. దాని పిల్ల గోధుమ గొట్టం లోపలే పెరుగుతుంది, కాళ్లు దాదాపు లేవు. కోతల ముందు నేల దగ్గరగా కాండాన్ని లోపల నుంచి గుండ్రంగా కోసి, పైన రెట్టతో బిరడా పెట్టుకుని మోడులో చలికాలం గడుపుతుంది. గాలికి పైరు పడిపోతుంది. గొట్టంలో ఉన్న పిల్లకు పైమందు తగలదు. అందుకే 1946లో కెనడా విడుదల చేసిన ‘రెస్క్యూ’ లాంటి, గొట్టం బోలుగా కాక గుజ్జుతో నిండి ఉండే రకాల మీద రైతులు ఆధారపడ్డారు. అయితే గుజ్జు ఎంత నిండుతుందన్నది వాతావరణాన్ని బట్టి మారుతుంది. మబ్బు పట్టిన వేసవిలో గొట్టం సరిగా నిండదు, పురుగుకు దారి దొరుకుతుంది.

1872లో ఈ జాతికి పేరు పెట్టినప్పటి నుంచి ఇది ప్రెయిరీ (ఉత్తర అమెరికా గడ్డి మైదానాల) గడ్డి పురుగేనని, గోధుమ వచ్చాక అందులోకి మారిందని నమ్మేవాళ్లు. 2001లో కీటక శాస్త్రవేత్త మైకేల్ ఐవీ ఇది ఈశాన్య ఆసియా నుంచి వచ్చి ఉండవచ్చని వాదించాడు. అదే నిజమైతే అక్కడికి వెళ్లి సహజ శత్రువులను తేవాలి. 2016లో వచ్చిన జన్యు అధ్యయనం ప్రాంతానికో పాత శాఖ ఉందని చూపించింది. ఇటీవల అడుగుపెట్టిన పురుగులో అంత వైవిధ్యం ఉండదు, కాబట్టి మొగ్గు స్థానికం వైపే. ఆ లెక్కన బ్రాకాన్ సెఫై, బ్రాకాన్ లిస్సోగాస్టర్ అనే స్థానిక పరాన్నజీవి కందిరీగలను కాపాడుకోవడం మీద దృష్టి పెట్టాలి. అవి మోళ్లలో, గడ్డి కాండాల్లో చలికాలం గడుపుతాయి గనుక పైరును మరీ నేలబారున కోయకుండా మోడు కొంత పొడుగ్గా వదలమని సలహా ఇస్తారు.

చలికాలంలో ఎవరు ఎక్కడ

ఆకు రాలాక ఎల్మ్ కింద చెత్త ఊడ్చి పారేస్తే పురుగు పోతుందా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. వంశాన్ని బట్టి, జాతిని బట్టి జవాబు మారుతుంది. ఎల్మ్ ఆకు పెంకు పురుగు పెద్ద పురుగుగానే అటకల్లో, కట్టెల దొంతరల్లో, వదులు బెరడు కింద దాక్కుంటుంది. ఆకులు ఊడ్చినా దానికి లెక్కలేదు. నెరిస్ ప్యూపాగా నేలలో ఉంటుంది. సింబెక్స్ గట్టి గూడులో, మట్టిలో. మెలికల కోత పురుగు రెండు రకాల గూళ్లు అల్లుతుంది. వేసవిలో ఆకు అడుగున వలలా పలుచటి గూడు, దాన్ని నాలుగు రోజుల నుంచి వారంలోపు వదిలేస్తుంది. చలికాలానికి మందమైన గోడల గూడు, అది రాలిన ఆకుల్లోనో పై మట్టిలోనో ఉంటుంది. ఊడిస్తే కొన్ని గూళ్లు పోతాయి, మట్టిలోనివి మిగులుతాయి. ఊడ్చిన ఆకుల సంచిని పక్క కౌంటీకి తీసుకెళ్లి పారేస్తే మాత్రం పురుగుకు ప్రయాణ ఖర్చు మిగిల్చినట్టు అవుతుంది. ఎల్మ్ మొక్కను కుండీ మట్టితో సహా వేరే రాష్ట్రానికి తరలించినా అంతే.